హైమ రాసిన తియ్యని పండ్ల వాసన

2021 డిసెంబరు. రాజాంకి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్సు టీచరుగా పనిచేస్తున్నాను. అప్పటికి నా సర్వీసు పంతొమ్మిదేళ్లు. కరోనా రెండో విడత సద్దుమణిగి, బడులు తెరిచి కొన్ని నెలలే అయింది. పిల్లలు మాస్కులతో వచ్చేవారు. ఎవరు నవ్వుతున్నారో, ఎవరు ఆవలిస్తున్నారో కళ్లను బట్టి పోల్చుకోవడం నాకు అలవాటైపోయింది. వరికోతలు ముగింపుకొచ్చాయి. బడి గోడ అవతల కళ్లాల్లో నూర్పులు సాగుతుంటే ఆ దుమ్ముకి మధ్యాహ్నం పీరియడ్లో తుమ్మని బెంచీ ఉండేది కాదు.

పదో తరగతిలో ‘కార్బన్ – దాని సమ్మేళనాలు’ పాఠం చివర్లో వస్తుంది. పరీక్షల హడావిడిలో చాలామంది దాన్ని బోర్డు మీదే ముగించేస్తారు. నాకు మాత్రం ఏడాదంతా ఎదురుచూసే పాఠం అది. కరెంటు పాఠానికి అమ్మీటరు కావాలి, కాంతి పాఠానికి కటకాలు కావాలి. మా ల్యాబులో ఉన్న అమ్మీటర్లలో సగం పనిచేయవు, కటకాల్లో సగం గీతలు పడ్డవి. కార్బన్ పాఠానికి వంటిల్లు చాలు. గరిటెలో పంచదార వేసి వేడి చేస్తే కరిగి, గోధుమరంగుకి తిరిగి, చివరికి నల్లటి బొగ్గు మిగులుతుంది. వెనిగర్‌లో వంటసోడా వేస్తే బుసబుసా పొంగుతుంది. ఆ పొంగుని మేము ఎఫర్వెసెన్స్ అంటాం, కార్బన్ డయాక్సైడ్ గబగబా బయటికి రావడమే అది. ఒక సీసాలో బోరు నీళ్లు, ఇంకో సీసాలో పట్టి దాచిన వాన నీళ్లు పోసి, రెండింట్లోనూ ఒకే కొలత సబ్బు తురుము వేసి గిలకొట్టిస్తే ఎవరి నురగ పెద్దదో అని వెనక బెంచీలవాళ్లు కూడా ముందుకొచ్చేవారు.

వీటన్నిటిలో పిల్లలకి బాగా నచ్చేది ఎస్టర్ ప్రయోగం. ఎస్టర్ అంటే ఆల్కహాల్, ఆమ్లం కలిసినప్పుడు పుట్టే కొత్త పదార్థం. పండ్లకీ పూలకీ వచ్చే వాసనల్లో చాలా వాటికి ఇలాంటి పదార్థాలే కారణం. టెస్ట్ ట్యూబులో కాస్త ఇథనాల్, కాస్త గ్లేషియల్ ఎసిటిక్ ఆసిడ్, అంటే నీళ్లు కలపని చిక్కటి వెనిగర్ ఆమ్లం వేసి, రెండు మూడు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, వాటర్ బాత్‌లో వేడి చేయాలి. వాటర్ బాత్ అంటే పెద్ద పేరేమీ కాదు, వేడినీళ్ల గిన్నె. ఇథనాల్ తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి ట్యూబుని నేరుగా మంట మీద పెట్టకూడదు. పావుగంట తర్వాత దాన్ని ఒక బీకరు నీళ్లలో పోస్తే కమ్మటి వాసన పైకి తేలుతుంది.

ఇథనాల్ సీసా మీద ఆల్కహాల్ అని రాసి ఉండటంతో మా హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని ల్యాబులో ఉంచనిచ్చేవారు కాదు. తన బీరువాలో పాత హాజరుపట్టీల వెనక దాచి, నేనడిగినప్పుడు తీసి, వాడాక సీసా మీద పెన్నుతో గీత పెట్టుకునేవారు. ఆ సీసా పట్టుకొని వరండాలో నడుస్తుంటే మిగతా టీచర్లంతా నన్నే చూసి నవ్వేవారు.

ఆ ఏడాది ప్రయోగానికి చిన్న మార్పు చేశాను. వరండా చివర బల్ల వేసి, దాని మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు రాసిన మూడు బీకర్లు పెట్టాను. ఒకదానిలో ఎస్టర్, ఒకదానిలో బాగా నీళ్లు కలిపిన వెనిగర్, ఒకదానిలో ఉత్త మంచినీళ్లు. ఏది ఎందులో ఉందో చెప్పలేదు. పిల్లలు ఒక్కొక్కరే రావాలి, మాస్కు కిందికి లాగి, బీకరు పైనుంచి చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకోవాలి, తోచింది నోట్సులో రాసుకొని వెళ్లిపోవాలి. నేను గదిలోనే ఉండి ఒక్కొక్కరినీ పంపాను. కరోనా రోజులు కాబట్టి మనిషికీ మనిషికీ ఎడం ఉండాలన్నది ఒక కారణం. పక్కవాడి ముఖం చూసి రాయకూడదన్నది ఇంకో కారణం.

ఆ సాయంత్రం నోట్సులు చూస్తుంటే నవ్వాగలేదు. ఎస్టర్ వాసనని ఒకరు పనసతొనలన్నారు, ఒకరు గోళ్లరంగన్నారు, ఒకరు పెళ్లిలో పంచే చాక్లెట్టన్నారు. ఒకడు వెనిగర్‌కి ‘మా తాత’ అని రాసి, ఎందుకో కొట్టేశాడు. అలా నవ్వుకుంటూ హైమ నోట్సు తెరిచాను.

హైమావతి మా క్లాసులో ఫస్టు. రైతు కుటుంబం, ఊరి చివర ఇల్లు. ముత్యాల్లాంటి రాత. ఒకటో బీకరు ఎదురుగా ‘తియ్యని పండ్ల వాసన’ అని రాసింది. అది వెనిగర్. రెండో దానికి ‘ఘాటైన వాసన’ అని రాసింది. అది మంచినీళ్లు. మూడోది ఎస్టర్, దానికి ‘ఏ వాసనా లేదు’ అని రాసింది. మూడింటికి మూడూ తప్పే. పైగా ఆ వాక్యాలన్నీ పాఠంలో ఉన్నవే, పొల్లు పోకుండా.

మర్నాడు క్లాసులో నోట్సులు పంచుతూ అందరి ముందూ ఆమెని లేపాను. బల్ల దాకా కూడా వెళ్లకుండా వరండాలోనే నిలబడి రాసేసినట్టున్నావు, ఫస్టు ర్యాంకు వాళ్లకి ప్రయోగాలతో పనిలేదేమో అన్నాను. క్లాసు నవ్వింది. హైమ తల దించుకొని నిలబడింది. మాస్కు పైన కళ్లు తడిగా కనబడ్డాయి గానీ, దొరికిపోయినందుకు ఏడుస్తోందనుకున్నాను. ఆ వారం పది రోజుల్లో ఆమె చాలాసార్లు ప్రార్థనకి ఆలస్యంగా రావడం, పీఈటీ మాస్టారు బయట నిలబెట్టడం కూడా గుర్తొచ్చింది. బాగా చదివే పిల్ల దారి తప్పుతోందని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను.

ఆ సాయంత్రం బడి వదిలాక ల్యాబులో బీకర్లు కడుగుతున్నాను. హైమ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను. వచ్చి, బల్ల మీదున్న లవంగ నూనె సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“నాకేటీ తెల్దు సార్,” అంది. “ఇదనే కాదు. ఏదీ తెల్దు. జరం వచ్చి తగ్గినకాడ్నుంచి అంతే.”

మే నెలలో వాళ్లింట్లో అందరికీ జ్వరాలు వచ్చాయట. మిగతావాళ్లకి వాసనలు పది రోజుల్లో తిరిగొచ్చాయి. హైమకి రాలేదు. ఏడు నెలలు. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. అప్పట్లో వాళ్ల వీధిలోకి పాలవాడు కూడా వచ్చేవాడు కాదట. ఇంకా తగ్గలేదని తెలిస్తే మళ్లీ అందరూ అలాగే దూరం పెడతారని భయపడింది. నిన్న బల్ల దగ్గరికి వచ్చింది, మూడు బీకర్లూ చూసింది, మూడింటికీ ఏమీ లేదని రాస్తే దొరికిపోతానని పుస్తకంలో ఉన్నవి మూడూ ఊహించి రాసింది.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నకి నా చేతిలోని బీకరు పక్కన పెట్టేయాల్సి వచ్చింది.

“గ్యాసు లీకైతే నాకెలా తెలస్తాది సార్?”

అంతకు ముందు వారం హైడ్రోకార్బన్ల గురించి చెప్పినప్పుడు, వంటగ్యాసుకి సొంతంగా వాసన ఉండదని, లీకైతే మనకి తెలియడం కోసం కార్బన్, గంధకం ఉన్న మెర్కాప్టన్ అనే పదార్థం అందులో కలుపుతారని చెప్పాను. ఆ వాసన ఎంత దూరం వస్తుందని, కొంచెం లీకైనా తెలుస్తుందా అని హైమ వరసగా ప్రశ్నలు వేసింది. తెలివైన పిల్ల, పాఠం శ్రద్ధగా వింటోందని ఆరోజు మెచ్చుకున్నాను. ఆ పిల్ల తన ప్రాణం గురించి అడుగుతోందని నాకు తట్టలేదు.

కోతల రోజుల్లో తల్లీ తండ్రీ తెల్లారేసరికి పొలానికి వెళ్లిపోతారు. నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు. వంట హైమదే. నా పాఠం విన్న దగ్గర్నుంచి ఆమె రోజూ పొద్దున్న లేవగానే వంటగది తలుపు తెరిచి, అరగంట ఆగి, అప్పుడు స్టవ్ వెలిగించేదట. వంట మధ్యలో రెండు మూడుసార్లు రెగ్యులేటరు తిప్పి చూసుకునేదట. ప్రార్థనకి ఆలస్యం అందుకే. అన్నం మాడినా, పాలు అడుగంటినా తెలియక తల్లి చేత తిట్లు తినడం దీనికి అదనం.

క్లాసులో అన్న మాటకి ఆమెకి క్షమాపణ చెప్పాను. పదిహేనేళ్ల పిల్ల, చేతులు కట్టుకొని నిలబడింది. ఇంట్లో చెప్పక తప్పదని, ఇది ఇంకొకరికి అంటేది కాదని నేనే వచ్చి చెబుతానని ఒప్పించాను.

మర్నాడు ఆరింటికల్లా వాళ్లింటికి వెళ్లాను. హైమ తల్లి తవిటమ్మ కొంగు నడుముకి చుట్టుకొని కళ్లానికి బయల్దేరబోతోంది. బండి చప్పుడుకి ఆగింది.

“ఏటి మాస్టారూ, ఇంత పొద్దున్నే వచ్చినారు. మా గుంట ఏటి సేసింది?”

ఏమీ చేయలేదని చెప్పి, విషయమంతా వివరించాను. తవిటమ్మ నమ్మలేదు. జలుబు చేసి ఉంటుందని, చదువు ధ్యాసలో పడి కూర మాడ్చేసి ఇప్పుడు సాకు చెబుతోందని ఆమె వాదన. ఇలాంటి చోట పాఠం కన్నా ప్రయోగం నయమని, హైమ కళ్లకి తువ్వాలు కట్టి అరుగు మీద కూర్చోబెట్టాను. ఇంట్లోంచి వాసన వచ్చే వస్తువు ఏదైనా తెమ్మని తల్లితో చెప్పాను. తవిటమ్మ లోపలికి వెళ్లి చప్పుడు కాకుండా ఒక రేకు డబ్బా తెచ్చి, మూత తీసి, సరిగ్గా కూతురి ముక్కు కింద పెట్టింది. అందులో ఎండుచేపలు. మూడడుగుల దూరంలో ఉన్న నేనే వెనక్కి జరిగాను.

హైమ ఓపిగ్గా కూర్చొని ఉంది. కాసేపు ఆగి అడిగింది: “ఏటమ్మా, ఇంకా తీసుకురానేదా?”

తవిటమ్మ డబ్బా మూసేసింది. అరుగు మీద కూతురి పక్కనే కూలబడి తువ్వాలు విప్పింది. చాలాసేపు ఆ పిల్ల జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. కళ్లు తుడుచుకున్నాక ఆమె అన్న మాటకి ముగ్గురం నవ్వేశాం.

“ఏడు నెల్లుబట్టి దీన్నే తిట్టినాను మాస్టారూ. తిట్టాల్సింది దీని ముక్కుని.”

ఆ వారమే తల్లి హైమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, చాలా నెమ్మదిగా మాట్లాడింది. జ్వరం తర్వాత ఇలా జరిగినవాళ్లు తన దగ్గరికి చాలామంది వచ్చారని, ఇది అంటుకోదని తల్లికి ముందు చెప్పింది. రోజూ రెండు పూటలా నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, గులాబీ, ఈ నాలుగింటినీ ఒక్కొక్కటి కాసేపు వాసన చూడాలని, చూస్తున్నంతసేపూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని చెప్పింది. నెలలు పట్టొచ్చు, పూర్తిగా రాకపోనూ వచ్చు, మానకుండా చేయమంది. ముక్కు బాగయ్యే దాకా గ్యాసు దగ్గర ఒంటరిగా ఉండొద్దని కూడా చెప్పింది.

చివరి మాట కోతల రోజుల్లో కుదిరేది కాదు. కాబట్టి హైమకి ఇంకో పద్ధతి నేర్పాను. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు తురుము కలిపి, ఆ నురగని కుంచెతో గ్యాసు ట్యూబుకి, రెగ్యులేటరు అతుకుకి పూయాలి. స్టవ్ వెలిగించకూడదు, రెగ్యులేటరు మాత్రం తెరవాలి. ఎక్కడైనా లీకుంటే అక్కడ బుడగలు ఉబ్బుతాయి. ముక్కు చేయాల్సిన పని కళ్లు చేస్తాయి. సబ్బు కూడా కార్బన్ సమ్మేళనమే కదా, నీ పాఠంలోనిదే అన్నాను. ఆ మాటకి మళ్లీ నవ్వింది.

మూడోరోజు పొద్దున్న ఆమె ప్రార్థన కంటే ముందే వచ్చి స్టాఫ్‌రూమ్ బయట నిలబడింది. స్టవ్ దగ్గర ట్యూబు అతుకులో బుడగలు వచ్చాయట. ఒకటి పగిలితే ఇంకొకటి, ఆగకుండా. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు బార్లా తెరిచి, కట్టెల పొయ్యి మీద అన్నం వండి వచ్చింది. ఆ మధ్యాహ్నమే గ్యాసు కంపెనీ మనిషి వచ్చి చూశాడు. రబ్బరు ట్యూబు ఏళ్ల తరబడి మార్చలేదు, చివర సన్నగా చీలిక. వంటగదికి ఒకవైపు గోడ సగమే ఉండటంతో ఆ కాస్త గ్యాసూ గాలికి పోతుండేది. ఆ సందుకి గోనెపట్టా కట్టి, తలుపులు బిగించుకునే చలి రోజున ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు.

సాయంత్రం తవిటమ్మ కళ్లం నుంచి నేరుగా బడికొచ్చింది, తల మీద ఇంకా గడ్డిపరకలున్నాయి. కొత్త ట్యూబు వేయించామని చెప్పింది. “ముక్కులున్నోలం ముగ్గురం ఉన్నాం ఇంట్లో. పట్టింది మాత్రం ఇదే,” అని చెబుతున్నప్పుడు ఆమె గొంతులో గర్వం మా హెడ్మిస్ట్రెస్ గారికి కూడా వినబడింది.

ఆ తర్వాత హైమకి దాచాలన్న కోరిక పోయింది. క్లాసులో తానే లేచి చెబుతానంది. చెప్పింది కూడా, రెండే రెండు వాక్యాల్లో. మూడో బెంచీలోంచి ఒక అబ్బాయి చెయ్యెత్తి, తనకి సగమే తెలుస్తుందని, ఎస్టర్‌కి గోళ్లరంగని రాసింది ముందు వెళ్లొచ్చినవాడిని అడిగి తెలుసుకొనేనని ఒప్పుకున్నాడు. ఒక అమ్మాయి తనకి టీ వాసన మాత్రం కాలిన గుడ్డలా అనిపిస్తుందంది. నలభై మందిలో ముగ్గురు. నేను ఎవరినీ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

క్లాసంతా కలిసి ఒక వాసనల పెట్టె తయారుచేసింది. మందు సీసాలు కడిగి ఆరబెట్టి, అడుగున దూది పెట్టి, నాలుగు వాసనలు నింపారు. వాటి మీద పేర్లు నేనే అంటించాను. నిమ్మతొక్కలోది లిమొనీన్, లవంగంలోది యూజినాల్, నీలగిరి తైలంలోది యూకలిప్టాల్, గులాబీలోది జెరానియాల్. అన్నీ కార్బన్ సమ్మేళనాలే. సిలబస్‌లో లేని ఆ పేర్లు క్లాసులో అందరికీ నోటికొచ్చేశాయి. సాయంత్రం గంట కొట్టాక ఆ ముగ్గురూ వరండాలో కూర్చొని వాసన చూసేవారు. మిగతావాళ్లు చుట్టూ చేరి, పరీక్ష రాసేవాళ్లని చూసినట్టు చూసేవారు. అబ్బాయికి నెల తిరక్కుండానే బాగైపోయింది. హైమకి కాలేదు. జనవరి గడిచింది. ఫిబ్రవరి కూడా చివరికొచ్చింది. ఆమె నోట్సులో రోజూ నాలుగు సీసాల పేర్లు, వాటి ఎదురుగా ‘తెలియలేదు’ అన్న మాట. ఒక్కరోజు కూడా పుస్తకంలో వాక్యం రాయలేదు.

ఫిబ్రవరి ఆఖరి వారంలో ఒకరోజు లవంగం సీసా ముక్కు దగ్గర పెట్టుకొని, మొహం చిట్లించి, సీసాని దూరంగా జరిపింది. చుట్టూ ఉన్నవాళ్లు గబుక్కున దగ్గరికి జరిగారు.

“లవంగంలా నేదు సార్. కిరసనాయిల్లా ఉన్నాది,” అంది.

ఆ క్లాసు కొట్టిన చప్పట్లకి పక్కగది టీచరు వరండాలోకి వచ్చి చూసింది. కిరసనాయిలైనా సరే, ఏదో ఒకటి రావడమే మంచి సూచన అని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. మొదట వాసనలు ఇలా తారుమారుగానే వస్తాయట. ఆ వేసవికి లవంగం లవంగమైంది. తర్వాత ఎండుచేపలు ఎండుచేపలయ్యాయి. ఆ రోజు తవిటమ్మ ఊరంతా చెప్పుకొంది.

హైమ ఇప్పుడు విజయనగరంలో డిగ్రీ చదువుతోంది, కెమిస్ట్రీ ప్రధానంగా. కొన్ని వాసనలు ఇప్పటికీ తెలియవట. మల్లెపూలు ఉత్త చల్లగాలిలా ఉంటాయని చెప్పింది. దానికి బాధపడుతున్నట్టు అనిపించలేదు. హాస్టల్లో గ్యాసు ట్యూబుకి నెలకోసారి సబ్బునురగ పూసి చూస్తోందని, వంటామె మొదట్లో చిరాకుపడి ఇప్పుడు తానే నురగ కలిపి ఇస్తోందని నవ్వుతూ చెప్పింది.

నేను మాత్రం క్లాసులో అన్న ఆ మాటని చాలాసార్లు తలుచుకున్నాను. హైమ వాసన తెలియక పుస్తకంలోని వాక్యం రాసింది. నేను ఆమెని సరిగ్గా చూడకుండా, పంతొమ్మిదేళ్ల సర్వీసులో అలవాటైన వాక్యం అనేశాను. ఇద్దరం చేసింది ఒకే పొరపాటు. ఆమెకి భయమనే కారణం ఉంది, నాకు అది కూడా లేదు. మూడింటికి మూడూ తప్పు రాసిన పిల్ల ఎవరి దగ్గరా చూసి రాయలేదని, ఊహించి రాసిందని ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసేది. క్లాసు ఫస్టు వచ్చే పిల్లకి ఊహించాల్సిన అవసరం ఎందుకొచ్చిందని ఇంకో నిమిషం ఆలోచిస్తే సరిపోయేది.

ఇప్పుడు ఎస్టర్ ప్రయోగం మొదలుపెట్టే ముందు, తెలియకపోతే తెలియలేదనే రాయమని, దానికీ పూర్తి మార్కులేనని చెబుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు అలా రాస్తారు. కొందరికి జలుబు, ఒక్కోసారి ఇంకేదో. ఆ నోట్సులు ముందు దిద్దుతాను. ఆ పిల్లల్ని సాయంత్రం కాసేపు ఆపి, ఇంట్లో వంట ఎవరు చేస్తారని అడుగుతాను.